ఆన్‌లైన్‌లో గద్వాల చీర: లాభం ఏ మొత్తంపై?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు యార్డులలో వేరుశనగకు అడ్తి కమిషను అమ్మిన మొత్తంపై లెక్కిస్తారు. ఆన్‌లైన్ వేదికల రుసుము కూడా సాధారణంగా అమ్మకపు ధరపైనే. వర్తకులు తమ లాభాన్ని మాత్రం కొన్న ధరపై వేసుకోవడం వాడుక. చిక్కంతా ఇక్కడే.

భౌగోళిక గుర్తింపు పొందిన గద్వాల చీర ధరలో నూలు, పట్టు, జరీల ఖర్చు, నేత కూలి, మాస్టర్ వీవర్ లాభం, టోకు లాభం ఒకదానిపై ఒకటి చేరుతాయి. రీసెల్లర్లు ఉంటే వారి మార్జిన్ వీటన్నిటి పైన.

ఉదాహరణకు, వర్తకుడు చీరను 4,000 రూపాయలకు కొని, 20 శాతం కలిపి 4,800కు పెట్టాడనుకుందాం. రుసుము 15 శాతమైతే 720 రూపాయలు పోతుంది. 800 లాభంలో మిగిలేది 80 మాత్రమే. ఒక్క చీర వాపసు వచ్చినా రానుపోను కొరియరు ఖర్చుకు అది చాలకపోవచ్చు. 800 నికరంగా నిలవాలంటే 4,800ను 0.85తో భాగించి, సుమారు 5,647 ధర పెట్టాలి. జి.ఎస్.టి. లెక్క వేరు.

మీషో సంస్థ 2021లో విక్రేతలపై కమిషను ఎత్తివేసింది. కమిషను లేని చోట కూడా రవాణా, ప్రకటనల ఖర్చును ఇదే తీరున ముందుగా లెక్కలోకి తీసుకోవాలి. ఆ ధర పలకదనుకుంటే సరుకు ఎత్తకపోవడమే మేలు.