యాత్రకు సంచి సర్దుకొనుట – అందులోని శాస్త్రం

మానవుడు గడప దాటిన నాటినుండే మూట కట్టడం నేర్చుకొన్నాడు. మన మడకశిర ప్రాంతంలో ఈ విద్యకు వేరే బడి అక్కరలేదు. కంబళి భుజాన వేసుకొని మందతో ఊళ్ళు తిరిగే గొర్రెల కాపరి, నెత్తిన సద్దిగంప పెట్టుకొని చేనికి పోయే తల్లి, కావడి మోసే మనిషి – వీరంతా ఇందులో ఆరితేరినవారే. అయినా విద్యార్థులమైన మనం విహారయాత్రకో, ఎన్.ఎస్.ఎస్. శిబిరానికో, మొక్కల సేకరణకో బయలుదేరేటప్పుడు చూడండి. ఒకరి సంచిలో నాలుగు జతల బట్టలుంటాయి గాని నీళ్ళ సీసా ఉండదు. ఇంకొకరు "నాకు మంచి బ్యాగు లేదప్పా, నేను రాను" అని పేరే ఇవ్వరు. ఈ రెండవ మాట మరీ బాధాకరం. ఖరీదైన సంచి లేనందువల్ల ఎవరూ యాత్ర మానుకోరాదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఎంత బరువు మోయవచ్చును?

కొట్టం దాకా 45 కిలోల యూరియా బస్తా మోసేవాడు కూడా పది కిలోల సంచితో పది కిలోమీటర్లు నడిస్తే అలసిపోతాడు. బరువు ఒక్కటే కాదు, దూరమూ, కాలమూ లెక్కలోకి వస్తాయి. అనుభవజ్ఞులు చెప్పే లెక్క యిది: ఒక్క పగటి నడకకు శరీర బరువులో పదవ వంతు, రాత్రి బసతో కూడిన యాత్రకు ఐదవ వంతు మించరాదు. బడి పిల్లల సంచి విషయంలో 2020 నాటి కేంద్ర విధానం కూడా పదవ వంతే చెప్పింది. అంటే 50 కిలోల విద్యార్థికి పగటి నడకలో 5 కిలోలు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఎండలో పగలంతా కొండ ఎక్కి దిగే మనిషికి మూడు, నాలుగు లీటర్ల నీళ్ళు కావాలి. లీటరు నీళ్ళు ఒక కిలో. ఐదు కిలోలలో నాలుగు నీళ్ళకే పోతే మిగిలినది ఒక్క కిలో! కనుక మన సీమలో సంచి అంటే మొదట నీళ్ళు. తక్కినవన్నీ ఆ మిగిలిన కిలోలో ఇమడాలి. కొండ మీద నీళ్ళు దొరుకుతాయిలే అనుకొని పోవడం, దాహమయినప్పుడు బావి తవ్వినట్టే.

2. బరువు ఎక్కడ ఉండాలి?

కావడి మోసేవాణ్ణి గమనించండి. రెండు కుండలు సమానమైతే బద్ద నడిమధ్యను భుజం మీద ఉంచుతాడు. ఒకటి బరువైతే భుజాన్ని ఆ వైపుకు జరుపుతాడు. భౌతికశాస్త్రంలో మనం చదివే భ్రామకాల సూత్రం ఇదే.

వీపు సంచికీ ఇదే వర్తిస్తుంది. 8 కిలోల బరువు వీపు నుండి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే భ్రామకం 80. అదే 25 సెంటీమీటర్ల దూరంలో వేలాడితే 200. దానికి సరిపెట్టుకోవడానికి మనం ముందుకు వంగుతాము, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. కాబట్టి పరుపు, కంబళి వంటివి అడుగున. నీళ్ళు, బియ్యం వంటి బరువైనవి నడుమ, వీపుకు ఆనించి. బట్టలు బయటి వైపున. తరచు కావలసినవి పైన. సీసాలు రెండు వైపులా సమంగా ఉండాలి. గిన్నె అంచు వీపుకు గుచ్చుకోకుండా మధ్య తువ్వాలు మడిచి పెట్టాలి.

3. ఎటువంటి సంచి?

పట్టీలు చూడండి, పేరు కాదు. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. 2 సెంటీమీటర్ల పట్టీకి బదులు 5 సెంటీమీటర్ల పట్టీ వేస్తే భుజంపై పీడనం ఐదింట రెండు వంతులకు తగ్గుతుంది. నీళ్ళ బిందె కింద ఆడవాళ్ళు చుట్టకుదురు పెట్టుకొనేది ఇందుకే.

అమెరికాలో డిక్ కెల్టీ 1952 ప్రాంతంలో అల్యూమినియం చట్రంతో సంచులు చేసి అమ్మసాగాడు. నడుము పట్టీతో బరువు భుజాల నుండి కటి ఎముకల మీదికి దిగే పద్ధతి ఆ సంచులతో వ్యాప్తిలోకి వచ్చింది. మన పాత బడి సంచికి ఆ పట్టీ లేకపోతే, ఒక తుండుగుడ్డను సంచితో కలిపి నడుముకు కట్టుకొన్నా ఊగడం తగ్గుతుంది. చేతి సంచి మాత్రమే ఉంటే రెండు భుజాలకూ మార్చుకొంటూ పోవాలి. వానకు లోపల ఒక మందపు ప్లాస్టిక్ సంచి చాలు. అయితే ఎరువుల సంచిని ఎంత కడిగినా తిండి పదార్థాలకు వాడరాదు.

4. నీళ్ళు, తిండి

నాలుగు లీటర్లు ఒకే డబ్బాలో వద్దు. అది పగిలితే అంతా పోయినట్టే. రెండు మూడు సీసాలుగా పంచుకోండి. సీసాకు తడిగుడ్డ చుట్టితే నీళ్ళు చల్లబడతాయి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అది 58 గ్రాముల నీటిని 10 డిగ్రీలు చల్లబరచడానికి సమానం. కొంత వేడి గాలి నుండి వచ్చినా, మనలాంటి పొడిగాలి సీమలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. చెమట మన ఒంటిని కాపాడేదీ ఈ సూత్రంతోనే. చెమటకు నీళ్ళు లేకపోతే ఆ రక్షణ పోతుంది.

అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. 100 గ్రాముల అన్నం సుమారు 130 కిలోకేలరీలిస్తే, అంతే బరువు వేరుశెనగ విత్తనాలు 560 దాకా ఇస్తాయి. మన చేలల్లో పండే శెనక్కాయలు, బెల్లం, బొరుగులు – ఇంతకంటే తేలికైన యాత్రా భోజనం అంగడిలో లేదు.

5. బట్ట, చెప్పు, చిన్న డబ్బా

కంబళిని చులకన చేయకండి. ఉన్ని తేమను పీల్చినా వెచ్చదనం చాలవరకు నిలుపుకొంటుంది. నూలుబట్ట తడిస్తే చలి పుట్టిస్తుంది. మూల మడిచి తలపై వేసుకొంటే వానకు గొడుగు, పరిస్తే పరుపు, కప్పితే దుప్పటి. ఇన్ని పనులు చేసే వస్తువు ఒక్కటే మోయడం తెలివి. పగటి నడకకు మాత్రం దీన్ని ఇంట్లో ఉంచండి. కొత్త చెప్పులతో ఎన్నడూ యాత్రకు రావద్దు.

చిన్న డబ్బాలో గుడ్డపట్టీలు, దూది, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచండి. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు, చక్కెర ద్రావణంతో ఎందరినో కలరా నుండి కాపాడారు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్ళకు ఆరు సమతల టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. చీకటి పడితే టార్చి తప్పనిసరి; బండల సందుల్లో రక్తపింజరి ఉండవచ్చు. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం చేయకుండా, కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఎండదెబ్బతో మాట తడబడితే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, విసరుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయరాదు. ఫోనుకు సిగ్నలు అన్నిచోట్లా ఉండదు. యాడికి పోతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి రండి.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమె, ఆమెతోపాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చినది భువనగిరి బండ మీద. మనకూ మడకశిర కొండ ఉన్నది, పెనుకొండ ఉన్నది. ఈసారి పేర్లు వ్రాసుకొనేటప్పుడు "బ్యాగు లేదు" అనే మిత్రుని పేరు మీరే ముందు వ్రాయండి. రెండు సీసాలు, ఒక పాత సంచి, గుప్పెడు శెనక్కాయలు ఉంటే అతడూ మనతో రాగలడు.