ఆకును త్రిప్పి చూచువారికి

ప్రాతఃకాలమున బోరబండ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. బండికై నిలిచిన యువజనులలో అనేకుల గమ్యము మరుసటి స్టేషనగు హైటెక్ సిటీయే. అచటి అద్దాల మేడల వాకిళ్ళలో వరుసదీరిన గులాబీ కుండీలను వారు నిత్యము దాటిపోవుచునే యుందురు గాని, ఆ ఆకులపై అంచులు చెదరిన నల్లమచ్చలు పొడసూపుట, పిదప ఆకు పసుపువారి రాలుట ఒక విద్యకు విషయమనియు, ఆ విద్య కూడుపెట్టుననియు తలంచువారు అరుదు. బైపీసీ చదివి, వైద్యవిద్యలో సీటు రాలేదని కుములుచున్నవారు ఈ వృక్షవైద్యము వంక ఒకపరి చూడదగును.

ఈ వైద్యమునకు ఉదాహరణగా ద్రాక్షను చూడుడు; అది మన నగరమునకు క్రొత్తది కాదు. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ ఇచటికి తెచ్చెనని చెప్పుకొను అనాబ్-ఎ-షాహి రకము ఒకనాడు హైదరాబాదు పరిసరముల పందిళ్ళ నేలినది. దానికి బూజు తెగులు బద్ధవైరి. ఆకు పైభాగమున నూనె చిందినట్టి పసుపుమచ్చ. ఆకును త్రిప్పిచూచిన, సరిగా ఆ మచ్చ క్రిందనే తెల్లని నూగు. బూడిద తెగులైనచో పిండి చల్లినట్లు ఆకు పైననే కానవచ్చి, వ్రేలితో తుడిచిన అంటుకొనును. ఈ భేదమును స్వల్పమనరాదు: గంధకము బూడిద తెగులును అణచును గాని బూజును ఏమియు చేయజాలదు, మెటలాక్సిల్ బూజును అణచును గాని బూడిద తెగులుపై వ్యర్థము. తెగులును గుర్తింపక కొట్టిన మందు డబ్బును నీళ్ళపాలు చేయుటయే.

ఫ్రాన్సుదేశమున 1882లో, బాటసారులు పండ్లు కోయకుండుటకై త్రోవప్రక్క తీగెలపై చల్లిన మైలుతుత్తము, సున్నము కలిసిన చోట బూజు లేకుండుట మిలార్దే పండితుని కంటబడెను. ఆ కలయికయే బోర్డో మిశ్రమముగా 1885లో లోకమునకు వెల్లడియైనది. నేటికిని విద్యార్థి దానిని స్వహస్తములతో చేసి చూడవలెను: కిలో మైలుతుత్తమును ఏబది లీటర్ల నీట, కిలో సున్నమును వేరొక ఏబది లీటర్లలో ప్లాస్టిక్ తొట్లయందు కలిపి, రెంటిని ఒకటిగా పోసి, అందు ఇనుపకత్తిని ముంచవలెను. కత్తిపై ఎర్రని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదన్నమాట. అట్టి మందు ఆకును మాడ్చును.

చదువునకు మార్గము సుగమమే. ఎప్‌సెట్ ప్రవేశపరీక్ష ద్వారా రాజేంద్రనగరులోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునగాని, ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయమునగాని నాలుగేండ్ల బీఎస్సీ చేయవచ్చును. పిదప ప్లాంట్ పాథాలజీలో ఎమ్మెస్సీ. పదవ తరగతితోనే ఆగినవారికి రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా కలదు. వ్యవసాయాధికారి, ఉద్యానాధికారి పదవులు, విత్తన, మందుల కంపెనీలు, మొక్కల క్వారంటైన్ కేంద్రములు, శనగ ఎండు తెగులును తట్టుకొను వంగడములకై కృషి సల్పిన పటాన్‌చెరు ఇక్రిశాట్ వంటి పరిశోధనాలయములు, చేవెళ్ళ వైపు పాలీహౌస్ పూలతోటలు వీరికి పని చూపును. స్వంతముగా నిలువగోరువారికి మేనేజ్ అను వ్యవసాయ విస్తరణ సంస్థ నడుపు అగ్రిక్లినిక్ శిక్షణ 2002 నుండి కలదు. సర్కారు కొలువునకే కాచుకొని ఏండ్లు గడుపుట నాకు సమ్మతము కాదు.

ముందుగా పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దమొకటి కొనుడు. రేపు ఆఫీసు వాకిట గులాబీ కుండీకడ వంగినపుడు సెక్యూరిటీవాడు వచ్చి ఏమని ప్రశ్నించును. అతనికి ఆకు మచ్చను చూపి, రాలిన ఆకులను ఏరి దూరముగా పారవేయవలెనని తేటతెలుగున చెప్పగలిగినచో, అదియే మీ మొదటి ప్రాక్టికల్ పరీక్ష.