ఆదివారం కూతకి వెళ్ళకు

యానాం,
గురువారం.

చిన్నా,

ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. అక్షరాల మీద చూపు పెడితే తలనొప్పి పెరుగుతోందన్నావు కదా, ఉత్తరాన్ని ఒక్కసారే చదవకు. మన ఊరి కుర్రాడే అక్కడ పుదుచ్చేరిలో నీ గదిలో ఉన్నాడుగా, వాణ్ణి చదివి వినిపించమను. వాడు కూడా వినాల్సిన సంగతులున్నాయి ఇందులో.

మంగళవారం సాయంత్రం కబడ్డీలో కూతకి వెళ్ళినప్పుడు డిఫెండర్ మడమ పట్టాడు, నువ్వు వెనక్కి పడ్డావు, తల నేలకి కొట్టుకుంది. కాసేపు స్కోరెంతో గుర్తు రాలేదు. అయినా లేచి మళ్ళీ ఆడావు. అప్పట్నించీ తలనొప్పి, ట్యూబ్‌లైటు చూస్తే చికాకు, చదివిన పేజీ మళ్ళీ మొదటికి రావడం. ఇవన్నీ చెప్పి, చివర్లో "స్కాన్‌లో ఏమీ లేదన్నారు మావయ్యా, ఆదివారం ఇంటర్ కాలేజీ మ్యాచ్ ఆడేస్తాను" అన్నావు. ఆడొద్దు. కారణం చెబుతాను, విను.

సీటీ స్కాన్ వెతికేది ఎముక చిట్లిందా, లోపల రక్తం కారిందా అని. అవి లేవంటే చాలా సంతోషం. కానీ నీకు తగిలింది కన్‌కషన్, అంటే కుదుపుకి మెదడు పనితీరు దెబ్బతినడం. అది స్కాన్‌లో కనిపించే గాయం కాదు. తల ఒక్కసారిగా కుదుపుకి లోనైనప్పుడు మెదడు కణాల్లోంచి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోతుంది. దాన్ని మళ్ళీ సర్దుకోవడానికి కణాలకి మామూలుకంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకి రక్త ప్రసరణ తగ్గుతుంది. వోల్టేజీ పడిపోయిన వేళ బోరు మోటారు వేసినట్టు, కొన్ని రోజులపాటు ఏ పని చేసినా మూలుగుతూనే చేస్తుంది. స్పృహ తప్పలేదు కాబట్టి కన్‌కషన్ కాదనుకుంటున్నావేమో. నూటికి తొంభై మందికి పైగా స్పృహ తప్పరు.

మోకాలు వాస్తే ఎవరికైనా కనిపిస్తుంది. ఇక్కడ దెబ్బ తగిలింది మెదడుకి, "నేను బాగానే ఉన్నాను" అని తీర్పు చెబుతున్నదీ ఆ మెదడే. దాని మాట ఈ కొన్నాళ్ళు నమ్మకు. నీ మీద నమ్మకం లేక అనడం లేదు. పెద్ద పెద్ద ఆటగాళ్ళ విషయంలోనూ ఈ నిర్ణయం వాళ్ళ చేతిలో పెట్టడం లేదు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో మన క్రికెటర్ జడేజా హెల్మెట్‌కి స్టార్క్ బంతి తగిలింది. ఇన్నింగ్స్ చివరిదాకా ఆడాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో వైద్య బృందం పరీక్షించి పక్కన కూర్చోబెట్టింది. బదులుగా చాహల్ దిగి మూడు వికెట్లు తీశాడు. కన్‌కషన్ అయినవాడి బదులు ఇంకొకర్ని దింపే ఈ నిబంధన ఐసీసీ పెట్టింది 2019 ఆగస్టులో. మన కబడ్డీ మైదానంలో డాక్టరుండడు. పడ్డవాడి ముఖాన నీళ్ళు కొట్టి, సోడా తాగించి మళ్ళీ కూతకి పంపడమే గోదావరి గట్టున తరతరాల వైద్యం. అక్కడ ఆ డాక్టరు పని నీ రూమ్మేటూ, మీ కెప్టెనూ చెయ్యాలి. వాళ్ళతో ఈరోజే చెప్పు: నేను ఆడతానన్నా ఒప్పుకోకండి అని.

నీలాంటి కాలేజీ ఆటగాళ్ళ మీదే అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటుంది. 25 కాలేజీల్లో అక్కడి ఫుట్‌బాల్ ఆడే 2,905 మందిని 1999 నుంచి 2001 దాకా గమనించారు. ఒకే సీజన్‌లో రెండోసారి కన్‌కషన్ అయినవాళ్ళు 12 మంది. వాళ్ళలో 11 మందికి ఆ రెండో దెబ్బ మొదటిది తగిలిన పది రోజుల్లోపే తగిలింది. నీ ఆదివారం అయిదో రోజు, చిన్నా. 2016లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, దెబ్బ తగలగానే ఆట ఆపిన కుర్రాళ్ళు సగటున 22 రోజులకి కోలుకున్నారు, ఆడుతూ పోయినవాళ్ళకి 44 రోజులు పట్టింది. మంగళవారం నువ్వు ఆడేసిన ఆ కాస్తా ఎలాగూ వెనక్కి రాదు. ఇకముందుది మన చేతిలో ఉంది. అరుదుగానే అయినా, మొదటిది మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదకి వచ్చిన సందర్భాలున్నాయి. ఆస్ట్రేలియా ఓపెనర్ పుకోవ్‌స్కీ మొదటి టెస్టులోనే 62 కొట్టాడు. కన్‌కషన్ల మీద కన్‌కషన్లయి 2025లో, 27 ఏళ్ళకే ఆట మానేశాడు. ఆ టెస్టే అతని ఆఖరి టెస్టూ అయింది.

అలాగని చీకటి గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకోమనడం లేదు. పాత సలహా అది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రీడా వైద్యులు కూర్చుని తేల్చిందేమిటంటే, మొదటి రెండు రోజులు కాస్త విశ్రాంతి, ఫోన్ బాగా తగ్గించడం, మెల్లగా నడవడం. నీకు ఆ రెండు రోజులూ అయిపోవచ్చాయి, కాబట్టి ఇక సాయంత్రం కాలేజీ ఆవరణలో నడువు. ముందు క్లాసులకి అలవాటు పడు, గంటో రెండు గంటలో కూర్చుని చూడు. ఇంటర్నల్స్ దగ్గరపడితే డాక్టరు చీటీ పెట్టి గడువు అడుగు, అడగడానికి మొహమాటపడకు. చదువు నిలబడ్డాకే మైదానం. నడక సాఫీగా ఉంటే నెమ్మదిగా పరుగు. ఆ తర్వాత ఒక్కడివే కాళ్ళ కదలిక సాధన. ఆపైన జట్టుతో, కానీ ఎవరూ నిన్ను పట్టకూడదు. ఇదంతా ఏ లక్షణమూ లేకుండా గడిస్తే డాక్టరు చూసి సరేనన్నాక పట్లు, చివరగా మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. పరుగులో నొప్పి కొంచెం పెరిగి గంటలో సర్దుకుంటే భయం లేదు, అంతకు మించితే ఆ రోజుకి ఆపెయ్. నీ వయసువాళ్ళు ఎక్కువమంది రెండు వారాల్లో, దాదాపు అందరూ నెలా రెండు నెలల్లో తేరుకుంటారు.

నిద్ర గురించి మీ అమ్మమ్మ ఊరికే కంగారు పడుతోంది, తలకి దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనివ్వకూడదని. డాక్టరు చూశాక నిద్రే మందు, పడుకో. ఇంకో మాట సూటిగా చెబుతాను. పుదుచ్చేరిలో మందు ఎంత తేలిగ్గా దొరుకుతుందో నాకు తెలుసు. పూర్తిగా నయమయ్యేదాకా స్నేహితులు ఎంత బలవంతపెట్టినా వద్దు. బండి కూడా నడపకు. కడలూరు రోడ్డు మీద బస్సుల వేగం నువ్వు రోజూ చూస్తున్నావు, నీ చెయ్యి బ్రేకు మీదకి వెళ్ళడం ఇప్పుడు ఒక్క క్షణం ఆలస్యమవుతుంది.

రూమ్మేటూ, ఇది నీకు, నాయనా. తలనొప్పి గంటగంటకీ పెరిగినా, వాడు మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకున్నా, లేపితే లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా ఎవరి అనుమతీ అడక్కు. 108కి ఫోన్ చెయ్యి. మీకు దగ్గర్లోనే కిరుమాంబాక్కంలో ఆరుపడై వీడు వైద్య కళాశాల ఉంది, పిళ్ళైయార్‌కుప్పంలో మహాత్మా గాంధీ వైద్య కళాశాల ఉంది. పెద్ద అవసరమైతే గోరిమేడులో జిప్మర్. 1998లో ఢాకాలో మన క్రికెటర్ రమన్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడితే బంతి తలకి తగిలింది. తన కాళ్ళ మీదే నడిచి వెళ్ళాడు. లోపల రక్తం కారి మూడో రోజున పోయాడు. బాగానే నడుస్తున్నాడు కదా అని చూస్తూ ఊరుకోకు.

చిన్నా, ఈ రోజుల్లో ఊరికే కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు, జట్టంతా ముందుకెళ్ళి నువ్వు వెనకబడ్డావని అనిపించవచ్చు. అదీ దెబ్బలో భాగమే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే దాచకు, నేనే బయల్దేరి వస్తాను. డాక్టరు దగ్గరికి తమిళం బాగా వచ్చిన స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్ళు. నీ తమిళం మామూలు రోజుల్లో సరిపోతుంది గానీ ఇప్పుడు మాట వెతుక్కోవాల్సి వస్తుంది.

కోచ్ గారికి ఈ రాత్రే ఫోన్ చేసి, ఆదివారం నీ బదులు ఇంకొకర్ని దింపమని చెప్పు. చెప్పాక నాకో మెసేజ్ పెట్టు. మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు చెబితే ఆవిడ రేపే బస్సెక్కేస్తుంది. రూమ్మేట్ నంబరు కూడా పంపించు.

ఇట్లు,
మీ మావయ్య