సౌకర్యం కోసం సర్దుకున్నప్పుడు బాధ్యత ఎవరిది?



పంచశీల తీసుకున్న ఉపాసకులం, ఉపాసికలం మనం. పొద్దున లేచింది మొదలు మన చేతిలో ఫోన్, ఎదురుగా కంప్యూటర్. వాటి దగ్గర శీలం ఎలా పాటించాలన్నదే ఈ పాఠం.

1. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి?

డబ్బు కట్టకుండా వచ్చేదని కాదు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఆ ఉద్యమం కోరే స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామ్‌ను ఏ పనికైనా వాడుకోవడం, అది ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, పక్కవాళ్లకు కాపీ ఇవ్వడం, మార్చిన దాన్నీ పంచడం. ఇవి లేని చోట వాడేవాడు ఆ ప్రోగ్రామ్ యజమాని చెప్పుచేతల్లో ఉంటాడు. జ్ఞానాన్ని కొందరే దాచుకుంటే మిగతావాళ్లు ఏమవుతారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2. రెండో శీలం

ఇవ్వనిది తీసుకోకూడదు. "కంపెనీకి కోట్లున్నాయి, దొంగ కాపీ వాడితే తప్పేంటి?" అని కొందరు అంటారు. ఎదుటివాడి ఆస్తి ఎంతో చూసి శీలం మారదు. పైగా దొంగ కాపీతో మనకు స్వేచ్ఛా రాదు, ఆ కంపెనీ అలవాటే ముదురుతుంది. లిబ్రేఆఫీస్ లాంటివి అందరికీ ఇచ్చినవి, ఒక విధంగా దానం. యూనికోడ్ ఫాంట్లతో వాటిలో తెలుగు చక్కగా రాసుకోవచ్చు.

3. రెండు ఉదాహరణలు

గ్నూ మొదలైనప్పుడు పూర్తిగా స్వేచ్ఛ ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ లేదు. స్టాల్‌మన్ బృందం యూనిక్స్ మీదే పనిచేసింది. అయితే ఆ యూనిక్స్ అవసరాన్నే లేకుండా చేయడానికి వాడారు.

రెండోది లినక్స్ కర్నల్. 2002లో లైనస్ టోర్వాల్డ్స్ బిట్‌కీపర్ అనే యాజమాన్య సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాడు. పని బాగా సాగుతుందన్నదే కారణం. ఉచితంగానే ఇచ్చారు కానీ, వాడేవాళ్లు దానికి పోటీ సాఫ్ట్‌వేర్ తయారు చేయకూడదని షరతు పెట్టారు. స్టాల్‌మన్‌తో పాటు కొందరు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2005లో ఆ కంపెనీ ఉచిత వాడకాన్ని ఆపేసింది. ఆ ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు.

"చివరికి గిట్ వచ్చింది కదా, మంచే జరిగింది" అనొచ్చు. బుద్ధుడు కమ్మాన్ని చేతనతో ముడిపెట్టాడు. ఫలితం కలిసొచ్చినంత మాత్రాన ముందు చేసిన ఎంపిక సరైనదైపోదు. ఇద్దరూ స్వేచ్ఛ లేనిదే వాడారు. ఒకరు బయటపడటానికి వాడారు, ఇంకొకరు హాయిగా ఉందని వాడారు.

4. రాహులుడికి చెప్పిన అద్దం

మజ్ఝిమ నికాయంలోని అంబలట్ఠిక రాహులోవాద సుత్తంలో బుద్ధుడు కొడుకు రాహులుడికి అద్దాన్ని ఉపమానంగా తీసుకుని చెబుతాడు: పని చేసేముందు, చేస్తున్నప్పుడు, చేశాక కూడా పరిశీలించు, అది నీకు గానీ ఇతరులకు గానీ కీడు చేస్తుందా అని. మన విషయానికి వస్తే:

చేసేముందు: ఇది అవసరమా, సౌకర్యమా? ఆఫీసు పెట్టిన సాఫ్ట్‌వేర్, పరీక్ష కోసం పిల్లలు తప్పక వాడే యాప్ – ఇవి అవసరాలు. వాళ్లని నిందించడం ధమ్మం కాదు. కానీ అరగంట నేర్చుకునే ఓపిక లేక "గత్యంతరం లేదు" అంటే అది నాలుగో శీలానికే దెబ్బ.

చేస్తున్నప్పుడు: బయటపడే దారి వెతుకుతున్నామా, మర్చిపోయామా?

చేశాక: కీడు జరిగిందని తెలిస్తే విజ్ఞులైన తోటివారికి దాచకుండా చెప్పాలి, ఇకపై జాగ్రత్త పడాలి.

5. మన సౌకర్యం, పక్కవాళ్ల నిర్బంధం

అన్నిటికంటే గట్టిగా చూడాల్సింది ఇదే. సంఘం సమాచారమంతా ఒకే యాప్‌లో పెడతాం. అది వద్దనుకున్నవాళ్లు, మామూలు ఫోన్ ఉన్న పెద్దమ్మలు మీటింగ్ సంగతే తెలియక ఆగిపోతారు. అందరి నంబర్లూ వాళ్లని అడక్కుండానే గ్రూపులో బయటపడతాయి. ఒక్కరి కోసం సర్దుకోవడం వేరు, యాభై మందిని అందులోకి లాగడం వేరు. "అందరూ వాడుతున్నారు" అన్న మాటలో గ్రూపు పెట్టినవాడి బాధ్యత మాయం కాదు.

సంఘంలో చర్చించండి:

• మన దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్లలో ఇవ్వకుండా తీసుకున్నవి ఏవి?
• వాటిలో ఈ నెల మార్చగలిగేది ఏది? ఎవరు నేర్పుతారు?
• యాప్ లేనివాళ్లకు కబురు చేరవేసే బాధ్యత ఎవరిది? పేరు రాసుకోండి.

జై భీమ్.