ప్రజాభిప్రాయ సేకరణ సభ - పంచాయతీ సభ్యుల బాధ్యత

చెరువు, గుట్ట, వాగు, మేతబీడు గ్రామమునకు ఉమ్మడి ఆస్తులు. ఒక రైతు చెలక పోయినచో ఆ కుటుంబము నష్టపడును. చెరువులోనికి వచ్చు వాగు దారి మళ్లినచో ఊరంతయు నష్టపడును. అట్టి మార్పు జరుగకమునుపే ఊరివారి మాట వినుటకు ఏర్పడినదే ప్రజాభిప్రాయ సేకరణ సభ. పంచాయతీ సభ్యులు దానిని గురించి తెలిసికొనవలసిన ముఖ్యాంశములను ఈ పాఠమున వివరించుచున్నాము.

మన ప్రాంతమునకు ఇది అక్కరలేని విషయము కాదు. పూర్వపు కరీంనగర్ జిల్లా గ్రానైటు రాయి విదేశములకు ఎగుమతి యగుచున్నది. రామగుండము, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములు సింగరేణి బొగ్గునకు పేరుపొందినవి. వీనివలన దేశమునకు విద్యుత్తు, మనవారికి కొలువులు లభించిన మాట నిజము. ఉపరితల గనుల వెంట మట్టిగుట్టలు, దుమ్ము, పేలుళ్ల అదురు, బావులలో నీరు తగ్గుట అను చిక్కులు వచ్చుటయు నిజమే.

సభ జరుగు విధానము

పర్యావరణ విషయములలో ప్రజలకు సమాచారమును, నిర్ణయములలో పాలుపంచుకొను అవకాశమును కల్పింపవలెనని 1992లో రియో నగరమున సమావేశమైన దేశములు అంగీకరించినవి. మనదేశమున ప్రజాభిప్రాయ సేకరణ 1997లో నిర్బంధమయ్యెను. ఇప్పటి పద్ధతికి ఆధారము 2006 సెప్టెంబరు 14వ తేదీన వెలువడిన కేంద్ర ప్రభుత్వ ప్రకటన.

దాని ప్రకారము కాలుష్య నియంత్రణ మండలి సభా సమాచారమును కనీసము 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటింపవలెను. పత్రికలు అందని చోట డప్పు చాటింపు వేయింపవచ్చును. పర్యావరణ ప్రభావ నివేదిక ముసాయిదాను, దాని తెలుగు సారాంశమును కలెక్టరు కార్యాలయమునందును, సంబంధించిన స్థానిక సంస్థలయందును ప్రజలు చూచుటకు ఉంచవలెను. సభకు కలెక్టరు గాని, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గాని అధ్యక్షత వహింతురు. హాజరైన ప్రతివారికిని ప్రశ్నించు అవకాశము కలదు. సభ యంతయు వీడియో తీయబడును. చివర కార్యక్రమ సారాంశమును తెలుగులో చదివి వినిపింపవలెను.

ఇచట ఒక విషయము ముఖ్యముగా గమనింపవలెను. ఈ సభలో వోట్ల లెక్కింపు లేదు. ఎంతమంది వచ్చిరి, ఎంత బిగ్గరగా పలికిరి అనుదానికంటె ఏ మాట నమోదైనది అనునదే ప్రధానము. నమోదైన అభ్యంతరమునకు సంస్థవారు తుది నివేదికలో సమాధానము చెప్పవలసియుండును. నమోదు కాని బాధ కమిటీ ముందుకు పోదు.

ముందుగా చేయవలసిన పని

"దుమ్ము వచ్చును, మాకు వద్దు" అన్నచో ఎవరును స్పష్టమైన సమాధానము చెప్పజాలరు. "గని హద్దు నుండి మా చెరువు తూమునకు ఎంత దూరము? వర్షాకాలమున మట్టిగుట్ట జారినచో వాగు పూడకుండ ఏమి చేయుదురు? పేలుళ్లు ఏ వేళ జరుగును? గోడలు బీటలు వారినచో ఎవరు పరిశీలింతురు?" అని అడిగినచో సమాధానము తప్పదు.

ఇట్టి ప్రశ్నలు సభనాడు అప్పటికప్పుడు తోచవు. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుగవలెను. ఆ సభలోనే తెలుగు సారాంశమును అందరికి చదివి వినిపింపుడు. నివేదికలు సాధారణముగా 10 కిలోమీటర్ల చుట్టుపరిధిని వర్ణించును. అందులో మీ చెరువులు, కుంటలు, తాగునీటి బోర్లు ఉన్నవో లేవో సరిచూడుడు. వేసవిలో బావుల నీటి లోతును కొలిచి తేదీతో వ్రాసి ఉంచుడు. స్త్రీలను, పశువుల కాపరులను తప్పక అడుగుడు. నీటి జాడ వారికి బాగుగ తెలియును. సభలో మాటలాడినదానిని వ్రాతమూలకముగా కూడ ఇచ్చి, అందినట్లు రసీదు పొందుడు.

ఏజెన్సీ గ్రామములకు మరియొక రక్షణ కలదు. 1996 నాటి పెసా చట్టము ననుసరించి షెడ్యూల్డు ప్రాంతములలో ఇసుక, గ్రానైటు వంటి చిన్న ఖనిజముల లీజునకు గ్రామసభ గాని, తగిన స్థాయి పంచాయతీ గాని ముందుగా సిఫారసు చేయవలెను. ఉట్నూరు ప్రాంతపు సభ్యులు దీనిని మరువరాదు.

కొన్ని తరహాల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సభ ఉండదు. అట్టిచోట గ్రామసభ తీర్మానము మరింత విలువైనది. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వద్ద ఇథనాల్ పరిశ్రమకు వ్యతిరేకముగా ప్రజలు రహదారిని దిగ్బంధింపగా పనులు నిలిపివేయబడినవి. అప్పటికే నిర్మాణము ఆరంభమైయుండెను. తగవు రహదారికి రాకముందే, కాగితముల దశలోనే ఊరి మాట వినబడుట అందరికిని మేలు.

నేర్చుకొను అవకాశములు

రాజేంద్రనగర్‌లోని రాష్ట్ర గ్రామీణాభివృద్ధి సంస్థ పంచాయతీ ప్రతినిధులకు శిక్షణ నిచ్చుచున్నది. నేల, నీరు, సాగు విషయములలో జమ్మికుంట, ఆదిలాబాదు కృషి విజ్ఞాన కేంద్రముల సలహా పొందవచ్చును. పత్రములు దొరకనిచో 2005 సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయుడు. 30 రోజులలో సమాధానము రావలెను. సభా ప్రకటన వెలువడిన తరువాత గడువు స్వల్పము గనుక దరఖాస్తు ఆలస్యము చేయరాదు.

గని ఆయుష్షు కొన్ని దశాబ్దములు. సభ ఒక్క పూట. ఆ పూటకు ఊరిని సిద్ధపరచుట పంచాయతీ సభ్యుల బాధ్యత.