అవ్వ చేతిలో బలపం

మాది నల్లగొండ జిల్లా. మర్రిగూడ దగ్గరి పల్లె. మా రాత్రి బడికి ఒక అవ్వ వచ్చేది. అక్షరాలన్నీ గుర్తుపట్టేది. రాయమంటే మాత్రం బలపం జారిపోయేది. "మనసు పెట్టవా అవ్వా?" అని ఒకనాడు కసురుకున్నాను.

"మనసున్నది సారూ, వేళ్ళే తిమ్మిరెక్కినయ్" అన్నది.

ఆ మాట నేను పట్టించుకోలేదు.

నెల తిరగకుండానే అవ్వ నడక మారింది. కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి. తల తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. ముసలితనం అన్నారు కొందరు. పక్షవాతం అన్నారు కొందరు. మెడ విరిపిస్తే పోతుందన్నవాళ్ళూ ఉన్నారు. అవ్వ ఒప్పుకోలేదు, బతికిపోయింది. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే, స్కానింగ్ తీశారు. మెడలో వెన్నుపాము నలుగుతోందని డాక్టరు చెప్పాడు.

వెన్నుపాము అంటే ఏమిటి? మెదడు నుంచి కిందికి దిగే మెత్తని తాడు. చిటికెన వేలంత లావు ఉంటుంది. కాళ్ళకు, చేతులకు కబురు దాని గుండానే పోతుంది. వెన్నెముక లోపలి గొట్టంలో అది భద్రంగా ఉంటుంది. గొట్టం ఇరుకైతే తాడు నలుగుతుంది.

మరి గొట్టం ఎందుకు ఇరుకైంది? నీళ్ళ వల్ల. మన ఎముకలో కంటికి కనపడని సన్నని పలుకులు ఉంటాయి. పటికబెల్లం పలుకులు గుర్తు తెచ్చుకోండి. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఈ పలుకుల్లో చేరుతుంది. ఏళ్ళ తరబడి తాగితే ఎముక దళసరి అవుతుంది. ఎముకలను కలిపి ఉంచే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. మెడలో అలా జరిగితే వెన్నుపాముకు చోటు చాలదు.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. చూస్తే తెలియదు. కాచినా పోదు. నీళ్ళు పరీక్ష చేయించాల్సిందే. మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లోనే రాశారు, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పేరు మనది, వంకర కాళ్ళూ మనవే!

ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కానీ ఎముకలో చేరింది అంత త్వరగా పోదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళ నడక చూస్తుండండి. చేతులు తిమ్మిరెక్కినా, గుండీ పెట్టుకోలేకపోయినా, కాళ్ళు తడబడినా, మూత్రం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. మెడ మాత్రం విరిపించకండి.

అవ్వకు ఆపరేషన్ చేశారు. వెన్నుపాము వెనకాల ఎముక తీసి చోటు చేశారు. కాళ్ళ బిగువు తగ్గింది. వేళ్ళ తిమ్మిరి కొంత మిగిలింది. ఇంకా ముందే పోయి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఇప్పుడు అవ్వ కర్ర పట్టుకుని బడికి వస్తోంది. బలపానికి గుడ్డ చుట్టి ఇచ్చాను. మొన్న తన పేరు రాసింది. చివరి అక్షరం గీత దాటిపోయింది. నేను దిద్దలేదు.