ఎక్కడ నిలబడి అడుగుతున్నావు?

చిరంజీవి అమ్మలుకు,


శతకాల ఫైళ్లలోంచి పద్యాలు ఏరడానికి దారి చెబుతూ నువ్వు రాసిన ఎక్స్‌పాత్ చూశాను. బ్రౌజర్‌లోంచి కాపీ చేసుకొచ్చావని చూడగానే తెలిసింది. మొదటి నుంచి చివరిదాకా అంకెలే: మూడో డివ్, అందులో రెండో టేబుల్, దాని టీబాడీ, ఐదో వరస. ఇవాళ పనిచేస్తుంది. రేపు ఎవరో పైన ఇంకో డివ్ చేర్చారంటే మూడోది నాలుగోదైపోతుంది, నీ చేతికి వేరే పద్యం వస్తుంది. పైగా ఆ టీబాడీ అసలు ఫైల్లో లేకపోవచ్చు. టేబుల్‌లో అది రాయకపోతే బ్రౌజరే దాన్ని కల్పించుకుంటుంది. బ్రౌజర్‌లో దొరికినది పైథాన్‌లో దొరకడం లేదని నువ్వు తల పట్టుకున్నది చాలావరకు దీనివల్లే అయ్యుంటుంది.

ఇల్లెక్కడంటే ‘మూడో సందు, ఐదో గడప’ అనడం ఒకటి, ‘పోస్టుమాస్టరుగారిల్లు’ అనడం ఇంకొకటి. నువ్వు రెండోది అలవాటు చేసుకో. ఇక వెబ్ పేజీ సంగతి అలా ఉంచి మీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లకు వద్దాం.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, మీ బృందంవాళ్లు పెట్టారు కూడా, సంతోషం. కాబట్టి /శతకం/పద్యం/పాదం అంటే వేరు దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగడం. //పద్యం అంటే ఎంత లోతులో ఉన్నా సరే, పద్యాలన్నీ. @ పెడితే యాట్రిబ్యూట్. రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి. చదరపు బ్రాకెట్లలో షరతు: //పద్యం[@ఛందస్సు='ఆటవెలది']. కౌంట్, కంటైన్స్, నాట్ లాంటి ఫంక్షన్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, ఉత్తరం కాబట్టి నేను మన లిపిలో రాస్తున్నాను.

ఈ గుర్తులు ఒక పూటలో వచ్చేస్తాయి. నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. ప్రతి మెట్టు దగ్గరా నీ చేతిలో ఉండేది ఒక్క నోడ్ కాదు, నోడ్ల గుంపు. తరవాతి మెట్టు ఆ గుంపులో ఒక్కొక్కదాని దగ్గరా విడివిడిగా నిలబడి అడిగే ప్రశ్న. //పాదం[4] అంటే ఫైల్లో నాలుగో పాదమని నువ్వనుకున్నావు. కాదు, ప్రతి పద్యంలోనూ నాలుగో పాదం. వేమన ఫైలు మీద వేస్తే మకుటాలన్నీ వరసగా వచ్చిపడతాయి. ఫైలు మొత్తానికీ నాలుగోది కావాలంటే (//పాదం)[4] అని కుండలీకరణాలు పెట్టాలి. అంకెలు సున్నాతో కాదు, ఒకటితో మొదలవుతాయి, పైథాన్ అలవాటుతో పొరపడకు.

షరతు లోపల కూడా ఇదే మాట. ఒక పదమున్న పద్యాలు కావాలని //పద్యం[//పదం='ఇల్లు'] అని రాస్తే, ఫైల్లో ఎక్కడో ఒకచోట ఆ పదం ఉన్నంత మాత్రాన పద్యాలన్నీ వచ్చేస్తాయి. లోపలి రెండు గీతలు మళ్లీ ఫైలు మొదటికి పోతాయి మరి. ముందు ఒక చుక్క పెట్టి .//పదం అంటేనే ‘ఈ పద్యంలో’ అని అర్థం. ఎర్రర్ రాదు, ఫలితాలు మాత్రం బోలెడు వస్తాయి కాబట్టి తప్పు కంటపడదు.

ఇక మన భాషకే ఉన్న చిక్కు. కంటైన్స్(., 'ఇల్లు') అని వెతికితే ‘తనయిల్లు’ దొరకదు. సంధి కలిశాక ‘ఇ’ అచ్చుగా లేదు, యకారం మీద గుడిగా మారింది. కంప్యూటరుకు అవి రెండూ వేరువేరు అక్షరాలు. పోనీ 'ల్లు' అని వెతుకుదామంటే విల్లూ చెల్లూ కూడా వచ్చి కూచుంటాయి. పొల్లు తరవాత కంటికి కనబడని విభాజకం ఒకచోట కొట్టి, ఇంకోచోట కొట్టకపోయినా మాటలు కలవవు. ఇలాంటివాటిని ఎంత తెలివైన ఎక్స్‌పాత్‌తోనూ సరిదిద్దలేవు. ట్యాగులు పెట్టేటప్పుడే <పదం మూలం="ఇల్లు">తనయిల్లు</పదం> అని గుర్తిస్తే //పద్యం[.//పదం/@మూలం='ఇల్లు'] అన్న ఒక్క వరసతో పని అయిపోతుంది. శ్రమ ఎక్కువేనని తెలుసు. కానీ ఈ ఫైళ్లు మనకంటే ఎక్కువకాలం ఉండాలి తల్లీ, ఆ శ్రమ ఇప్పుడే పడమని మీ బృందంలో అడుగు.

వేమనవి కానివి ఏరడానికి [@కవి!='వేమన'] వాడావు. కవి పేరే రాయని పద్యాలు అందులో జారిపోతాయి. లేనిదాన్ని దేనితో పోల్చినా ఫలితం ‘కాదు’ అనే వస్తుంది. [నాట్(@కవి='వేమన')] అంటే అవీ వస్తాయి. కర్తృత్వం తేలని చాటువులు ఉన్న సంకలనాల్లో ఈ తేడా చిన్నది కాదు.

టీఈఐ అనే ట్యాగుల పద్ధతిలో ఉన్న ఫైళ్లు వస్తే ముందే జాగ్రత్తపడు. వాటిలో పాదానికి ‘ఎల్’ అని ట్యాగు. ఉన్నది కళ్లకు కనిపిస్తున్నా నీ ఎక్స్‌పాత్‌కు సున్నా ఫలితాలు వస్తాయి. వేరు దగ్గర నేమ్‌స్పేస్ ప్రకటించి ఉంటుంది, ఎక్స్‌పాత్ 1.0లో ముందు గుర్తు లేని పేరంటే నేమ్‌స్పేస్ లేనిదని లెక్క. ఆ నేమ్‌స్పేస్‌కో పొట్టి పేరు కట్టి, ప్రతి ట్యాగు ముందూ తగిలించాలి. జేమ్స్ క్లార్క్, స్టీవ్ డిరోజ్ సంపాదకత్వంలో 1999 నవంబరులో వచ్చిన వెర్షన్ ఈ 1.0. 2017లో 3.1 వచ్చినా బ్రౌజర్లలోనూ, నువ్వు వాడే ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనూ ఉన్నది 1.0 కాబట్టి కొత్త పుస్తకాల్లోని ఫంక్షన్లు కొన్ని నీ దగ్గర పనిచేయవు.

రేపు ఆఫీసుకు వెళ్లగానే //పద్యం[@ఛందస్సు='ఆటవెలది'][కౌంట్(పాదం)!=4] అని వేసి చూడు. ఆటవెలదికి నాలుగే పాదాలు కనక వచ్చిన ప్రతిదీ టైపింగులో పాదాల లెక్క తప్పినదో, ఛందస్సు తప్పు రాసినదో అవుతుంది. ఆ జాబితా నాకు పంపు, అచ్చు ప్రతి దగ్గర పెట్టుకుని ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న